మూత్రంలో ఆక్సీకరణ ఒత్తిడి సూచికలు ఎక్కువగా వచ్చాయి. రొమ్ములోని నిరపాయకరమైన గడ్డతో వాటికి సంబంధం ఉందా?

ప్రశ్న: రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారమండి. నా వయసు 39. కొన్ని నెలల కిందట ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే అమలాపురంలో స్కాన్ తీయించుకున్నాను. ఫైబ్రోఅడినోమా (క్యాన్సరు కాని గట్టి గడ్డ) కావచ్చని, బైరాడ్స్ 3 (స్కాన్‌లో అనుమానం ఎంతో చెప్పే కొలమానంలో ‘బహుశా నిరపాయకరం’) అని రాశారు. ఆ తర్వాత రాజమండ్రిలో సన్న సూదితో కణాలు తీసి పరీక్షించి, ‘నిరపాయకరమైన రొమ్ము వ్యాధి, అసాధారణ కణాలు కనిపించలేదు’ అని రిపోర్టు ఇచ్చారు. డాక్టరు గారు భయపడవద్దని, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీయించుకుని రమ్మని చెప్పారు. అంతవరకు మనసు కుదుటపడే ఉంది.

ఇటీవల మా ఊళ్లో ఒక ప్రైవేటు ల్యాబు వారు తక్కువ ధరకు ఒళ్లంతా పరీక్ష చేస్తామని గుడి మండపంలో శిబిరం పెట్టారు. ఎండ మండిపోతున్న వేళ, భోజనం అయ్యాక, ప్లాస్టిక్ డబ్బాలో మూత్రం పట్టి ఇచ్చాను. సాయంత్రం దాకా ఆ డబ్బాలన్నీ బల్ల మీదే ఉన్నాయి. వచ్చిన రిపోర్టులో 8-ఓహెచ్‌డీజీ, మాలోన్‌డైఆల్డిహైడ్ అనే రెండింటికి ఎదురుగా ‘ఎక్కువ’ అని ఎర్ర అక్షరాలతో ఉంది. అక్కడున్న వ్యక్తి నా పాత స్కాన్ కాగితం కూడా చూసి, కణాల్లోని డీఎన్‌ఏ దెబ్బతింటోందనడానికి ఇదే గుర్తు అని, గడ్డ క్యాన్సరు వైపు తిరగకుండా ఉండాలంటే మూడు నెలలు యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వాడి మళ్లీ మూత్రం పరీక్ష చేయించుకోవాలని చెప్పారు. మా పిన్నికి, అంటే అమ్మ చెల్లెలికి, అరవై దాటాక రొమ్ము క్యాన్సరు వచ్చిన మాట నిజమే కాబట్టి ఆ మాట నన్ను వదలడం లేదు.

ఈ సూచికలు నా గడ్డ గురించి నిజంగా ఏమైనా చెబుతున్నాయా, మళ్లీ పరీక్ష చేయించుకోవడం వల్ల ఉపయోగం ఉందా, ఆ క్యాప్సూల్స్ వాడవచ్చా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు: కాకినాడ నుంచి జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు

మేడమ్ గారూ, మీ రిపోర్టులోని అంకెలు ఆ ఒక్క మధ్యాహ్నం మీ ఒంటి మొత్తం పరిస్థితికి సంబంధించినవి. అందులో గడ్డ వాటా ఎంతో విడదీసి చెప్పే మార్గం ఏ ల్యాబు దగ్గరా లేదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పరీక్షలు శాస్త్రంలో లేనివేమీ కావు. వాటిని వాడిన తీరే తప్పు.

మన కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే క్రమంలో చురుకైన ఆక్సిజన్ అణువులు కొన్ని ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి. ఇవి అదుపు మించితే కణాలకు తగిలే దెబ్బనే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. డీఎన్‌ఏలోని నాలుగు క్షారాల్లో గ్వానిన్ వీటికి అన్నిటికంటే తేలిగ్గా లొంగుతుంది. అలా ఆక్సీకరణం చెందిన రూపాన్ని జపాన్‌లో కసాయ్, నిషిమురా 1984లో గుర్తించారు. మీ రిపోర్టులోని 8-ఓహెచ్‌డీజీ అదే, దానినే 8-ఆక్సోడీజీ అని కూడా రాస్తారు. దెబ్బతిన్న ముక్కలను కణంలోని మరమ్మతు ఎంజైములు తొలగిస్తే, అవి రక్తంలో కలిసి మూత్రపిండాల ద్వారా బయటికి పోతాయి. డీఎన్‌ఏలో చేరకముందే, విడి న్యూక్లియోటైడ్ల దశలోనే ఆక్సీకరణం చెందినవి కూడా వీటిలో కలిసి ఉంటాయి. అందువల్ల మూత్రంలో అంకె పెరిగిందంటే దెబ్బ ఎక్కువ తగిలిందని కావచ్చు, మరమ్మతు చురుగ్గా సాగుతోందని కూడా కావచ్చు. ఆ రెండింటినీ ఆ అంకె వేరు చేసి చూపదు.

కాలేయం, కండరాలు, రక్తకణాలు, చర్మం, అన్నీ తమ వంతు కలిపాక చివరికి మిగిలేది ఈ మూత్రం. దాన్ని బట్టి కొద్ది గ్రాముల గడ్డ సంగతి చెప్పమనడం, అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసే చోట చెంబెడు నీళ్లు ముంచి, ఎగువన ఏ లంక గట్టు కోసుకుపోయిందో చెప్పమన్నట్టే ఉంటుంది.

ఇక రెండోది, మాలోన్‌డైఆల్డిహైడ్. కొవ్వులు ఆక్సీకరణం చెందినప్పుడు విడుదలయ్యే పదార్థం ఇది. దీన్ని సాధారణంగా థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిపి, వచ్చిన గులాబీ రంగును కొలిచి లెక్కిస్తారు. ఆ రంగు ఇతర పదార్థాలతోనూ వస్తుంది. పైగా ఉడికిన మాంసం, చేపనూనె వంటి ఆహారం నుంచి కూడా ఈ పదార్థం మూత్రంలోకి చేరుతుంది. ముందురోజు రాత్రి మీ ఇంట్లో చేపల పులుసు తిన్నారా లేదా అని ఆ శిబిరంలో ఎవరైనా అడిగారా? కొవ్వుల ఆక్సీకరణాన్ని కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా నమ్మేది, కొవ్వు ఆమ్లాలు అలా ఆక్సీకరణం చెందినప్పుడే పుట్టే ఎఫ్2-ఐసోప్రోస్టేన్లను. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మోరో, రాబర్ట్స్ 1990లో వీటిని వెలుగులోకి తెచ్చారు. మూత్రంలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి నమూనా సీసాలో ఉండగా కొత్తగా ఐసోప్రోస్టేన్లు పుట్టవు. రక్తపు నమూనాకు ఆ సౌలభ్యం లేదు. మీ రిపోర్టులో మాత్రం ఐసోప్రోస్టేన్ ఊసే లేదు.

కొలిచే పద్ధతి సంగతి కూడా చెప్పాలి. తక్కువ ధర శిబిరాల్లో వాడేది ఎక్కువగా ఎలీసా కిట్, అంటే కావలసిన పదార్థానికి అంటుకునే యాంటీబాడీతో కొలిచేది. అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో పోలిస్తే ఎలీసా ఈ 8-ఓహెచ్‌డీజీని ఎక్కువ చేసి చూపుతుందని పలు ల్యాబులు కలిసి ఒకే నమూనాలను కొలిచి చూసినప్పుడు తేలింది. మూత్రంలో దండిగా ఉండే యూరియాయే కొన్ని కిట్లలోని యాంటీబాడీకి అంటుకుని అంకెను పెంచుతుందని కూడా కనుగొన్నారు. ఎండలో చెమట పట్టి, నీళ్లు సరిగా తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. అందుకే విలువను క్రియాటినిన్‌తో (కండరాల నుంచి మూత్రంలోకి ఇంచుమించు నిలకడగా వచ్చే వ్యర్థం) భాగించి, మిల్లీగ్రాము క్రియాటినిన్‌కు ఇన్ని నానోగ్రాములు అని ఇవ్వాలి. క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువగానో 3 గ్రాముల కంటే ఎక్కువగానో ఉన్న విడి నమూనాను పక్కన పెట్టడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వాడుక. మీ కాగితంలో క్రియాటినిన్ ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే ఆ ‘ఎక్కువ’ అన్న మాటకు ఆధారమే లేదు.

రొమ్ము వ్యాధులతో ఈ సూచికల సంబంధం మీద మంచి పరిశోధనలే జరిగాయి, కానీ అవి ఏకాభిప్రాయానికి రాలేదు. అమెరికాలో లాంగ్ ఐలాండ్ మహిళల అధ్యయనంలో (2006) రొమ్ము క్యాన్సరు ఉన్నవారి మూత్రంలో ఐసోప్రోస్టేన్ ఎక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో 8-ఆక్సోడీజీ మాత్రం అందుకు విరుద్ధంగా తగ్గే వైపు మొగ్గింది. అప్పటికే కొందరికి రేడియేషన్ చికిత్స జరిగి ఉండటం ఇందుకు కారణం కావచ్చని అనుకున్నారు. చైనాలో షాంఘై మహిళల అధ్యయనంలో (2009) జబ్బు రాకముందే మూత్రం సేకరించారు. అక్కడ ఐసోప్రోస్టేన్ ఎక్కువ ఉంటే అధిక బరువున్నవారిలో ముప్పు పెరిగే వైపు, మామూలు బరువున్నవారిలో తగ్గే వైపు ఫలితం వచ్చింది. బరువు మారితే అర్థమే తిరగబడే సూచికను పట్టుకుని ఒక మనిషికి జోస్యం చెప్పడం సాధ్యం కాదు. టొరంటోలో మామోగ్రామ్‌లో రొమ్ము సాంద్రత ఎక్కువగా ఉన్నవారి మూత్రంలో మాలోన్‌డైఆల్డిహైడ్ ఎక్కువని చూశారు. ఆసక్తికరమే గానీ అది కూడా గుంపుల సగటుల మధ్య తేడాయే. నిరపాయకరమైన గడ్డలున్నవారి విషయంలో వచ్చినవి ఎక్కువగా రక్తాన్నో కణజాలాన్నో పరీక్షించిన చిన్న ఆసుపత్రి అధ్యయనాలు. ఫలానా అంకె దాటితే ఫైబ్రోఅడినోమా చెడుతుందని చెప్పే హద్దు మూత్రం విషయంలో ఎవరూ నిర్ణయించలేదు.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి ఒక శస్త్రవైద్యురాలు

అమ్మా, పై వివరణ బాగుంది. నా వంతుగా మూత్రం సంగతి వదిలేసి గడ్డ సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు కాలం, డబ్బు పెట్టవలసింది అక్కడే.

‘నిరపాయకరమైన రొమ్ము వ్యాధి’ అనే ఒక్క పేరు కింద చాలా రకాలు ఉంటాయి. అన్నిటి భవిష్యత్తు ఒకటి కాదు. డ్యూపాంట్, పేజ్ 1985లో గడ్డ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి చేసిన విభజననే ఈనాటికీ అనుసరిస్తున్నాం: కణవృద్ధి లేనివి, కణవృద్ధి ఉన్నా అసాధారణత లేనివి, ఎటిపియా అనే అసాధారణ కణవృద్ధి ఉన్నవి. అమెరికాలోని మేయో క్లినిక్ వారు ఇలాంటి నిరపాయకరమైన వ్యాధి ఉన్న 9,087 మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సాధారణ జనంతో పోలిస్తే రొమ్ము క్యాన్సరు ముప్పు మొదటి రకంలో 1.27 రెట్లు, రెండో రకంలో 1.88 రెట్లు, మూడో రకంలో 4.24 రెట్లు. కుటుంబంలో బలమైన చరిత్ర లేకపోతే మొదటి రకంలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. ఒకే ఊళ్లో, ఒకే వయసులో, ఒకే పేరున్న జబ్బుతో ఉన్న ఇద్దరి మధ్య ఇంత తేడాను చూపిస్తున్నది ముక్క పరీక్ష. మూత్రంలోని ఏ సూచికా దీని దరిదాపుల్లో లేదు.

ఇక్కడ మీ కాగితాల్లో నాకు కనిపించే లోటు ఒకటుంది. సన్న సూదితో తీసేది విడి కణాలు మాత్రమే. కణాలు ఎలా పేర్చి ఉన్నాయో, నాళం లోపల వృద్ధి ఎంత ఉందో అందులో తెలియదు. కాబట్టి అది మీ గడ్డ పై మూడింటిలో ఏ రకమో నిర్ణయించలేదు. ఫైబ్రోఅడినోమాలో కూడా మూడు మిల్లీమీటర్ల కంటే పెద్ద నీటితిత్తులు, కాల్షియం మచ్చలు, స్క్లెరోసింగ్ అడినోసిస్ (పాలగ్రంథుల ముద్దలు పెరిగి గట్టిపడటం) వంటివి కలిసి ఉంటే దాన్ని సంక్లిష్ట రకమని వేరుగా చూస్తాం. ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో చేతికి తగిలే గట్టి గడ్డ ఉండి, పిన్నికి క్యాన్సరు వచ్చిన కుటుంబం అయితే, కాస్త లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ చేయించుకోమనే నేను అంటాను. ఆ చోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ చూస్తూ చేస్తారు. ఆ పూటే ఇంటికి వెళ్లిపోవచ్చు. మీ డాక్టరు గారు ఆరు నెలలు చూద్దామనడం తప్పు కాదు. బైరాడ్స్ 3లో క్యాన్సరు అయ్యే అవకాశం రెండు శాతానికి మించదు. అయినా ఈ మాట ఆయన దగ్గర ఎత్తి చూడండి. ఇంతవరకు మామోగ్రామ్ తీయించకపోతే అదీ అడగండి.

ఆరు నెలలు అంటే ఆరు నెలలే. కోతల పనులనీ పరీక్షల డ్యూటీ అనీ వాయిదా వేస్తూ రెండేళ్లకు వచ్చేవారిని మా ప్రాంతంలో చాలామందినే చూస్తుంటాను. ఈలోగా గడ్డ త్వరగా పెరిగినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన నుంచి రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా గడువు కోసం ఆగవద్దు.

ప్రశ్న వేసినవారి నుంచి:

ఇద్దరికీ ధన్యవాదాలండి. రిపోర్టు మళ్లీ చూశాను. క్రియాటినిన్ అనే పేరే అందులో లేదు. ఇంకొక్క సందేహం. మా అత్తయ్య గారు చాలాకాలంగా లంక పొగాకు చుట్ట కాలుస్తారు, అదీ ఇంట్లోనే. గ్యాస్ ఉన్నా, స్నానాలకు నీళ్లు కాయడానికి, పెద్ద వంటలకు కొబ్బరి డొక్కలు, మట్టలే వాడతాం. ఆ పొగ వల్ల నా అంకెలు పెరిగి ఉండవచ్చా? క్యాప్సూల్స్ డబ్బా ఇప్పటికే కొన్నాను. విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం అని రాసి ఉంది.

జవాబు: కాకినాడ అధ్యాపకుడు

పొగ విషయంలో మీ అనుమానం సరైనదే. పొగ తాగేవారి మూత్రంలో 8-ఆక్సోడీజీ తాగనివారి కంటే సుమారు 50 శాతం ఎక్కువని డెన్మార్క్‌లో 1992లో చూపారు. ఐసోప్రోస్టేన్లు కూడా పొగ తాగేవారి రక్తంలో ఎక్కువని, రెండు వారాలు మానేసరికి తగ్గాయని 1995లో మోరో బృందం చూపింది. అయితే ఇవి స్వయంగా తాగేవారి లెక్కలు. పక్కన కూర్చుని పీల్చినవారికి, కొబ్బరి డొక్కల పొగ పీల్చినవారికి అదే శాతం వర్తిస్తుందని నేను అనను. అంకె సంగతి ఎలా ఉన్నా, పొయ్యిని పెరట్లోకి మార్చడం, అత్తగారిని చుట్ట అరుగు మీదికి పరిమితం చేసుకోమని ఒప్పించడం మీ ఊపిరితిత్తులకు, గుండెకు మేలు చేసే పనులు. రెండోది ఎంత కష్టమో మా ఇంటి పెద్దలను చూసి నాకు తెలుసు.

క్యాప్సూల్స్ మాత్రం ఆపేయండి. వాటి వెనుక ఉన్న తర్కం చాలా తేలిగ్గా మనసుకు పడుతుంది: ఆక్సీకరణ చెడ్డది, కాబట్టి దాన్ని అడ్డుకునేది మంచిది అని. పరీక్షించి చూసినప్పుడు అలా జరగలేదు. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగ తాగే పురుషులకు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూస్తే, 1994లో వచ్చిన ఫలితాల్లో బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం ఎక్కువైంది. సెలీనియం, విటమిన్ ఇ ప్రోస్టేట్ క్యాన్సరును ఆపుతాయేమోనని అమెరికాలో జరిపిన సెలెక్ట్ అధ్యయనంలో విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ఆ క్యాన్సరు 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. వీరంతా పురుషులే కదా, మన విషయం వేరు కదా అనవచ్చు. రొమ్ములోని నిరపాయకరమైన మార్పులకే విటమిన్ ఇ ఇచ్చి, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన ప్రయోగాలు 1985 ప్రాంతంలో జరిగాయి. వాటిలోనూ చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఎక్కువ మోతాదు విటమిన్ ఇ వల్ల రక్తస్రావం ముప్పు కూడా ఉంటుంది. బయాప్సీ చేయించుకునేటట్టయితే, ఇప్పటికే కొన్ని మింగి ఉంటే ఆ మాట డాక్టరు గారికి చెప్పండి. జామకాయ, మునగాకు, తోటకూర, కమలాపండు తినడానికి ఎవరి చీటీ అక్కర్లేదు.

మూత్ర పరీక్ష మళ్లీ చేయించుకోవద్దు. ఈసారి అంకె తగ్గితే గడ్డ బాగుందనుకుని స్కాన్ మానేస్తారు, పెరిగితే నిద్ర పోగొట్టుకుంటారు. రెండింటిలో దేనివల్లా మీ చికిత్స మారదు.

ఒక వైద్య విద్యార్థిని నుంచి, భీమవరం:

చర్చను పక్కదారి పట్టిస్తున్నానేమో, క్షమించండి. నేను పీజీ చేస్తున్నాను. ఫైబ్రోఅడినోమా, ఫైబ్రోసిస్టిక్ మార్పులు (రొమ్ములో నీటితిత్తులు, గట్టిపడిన కణజాలం) ఉన్న స్త్రీల మూత్రాన్ని ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రంతో పోల్చి థీసిస్ రాయాలని ఉంది. డెల్టా పల్లెల్లో ఇది చేయదగిన పనేనా? నమూనాల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అమలాపురం నుంచి, గతంలో పరిశోధన ల్యాబులో పనిచేసిన సాంకేతిక నిపుణుడు

చేయదగిన పనే, కానీ సగం పని ల్యాబు బయటే ఉంటుంది. సూది పరీక్ష చీటీని బట్టి గుంపులు కట్టకండి. పై డాక్టరు గారు చెప్పిన మూడు రకాలను బయాప్సీ ముక్కతో నిర్ధారించుకున్నాకే కట్టండి. లేకపోతే ఒకే గుంపులో వేర్వేరు జబ్బులు కలిసిపోయి చివరికి ఏమీ తేలదు. అయితే మూత్రం మాత్రం బయాప్సీకి ముందే, ఏ మందూ మొదలు కాకముందే తీసుకోవాలి. పోల్చడానికి తెచ్చే ఆరోగ్యవంతుల వయసు, బరువు దగ్గరదగ్గరగా ఉండాలి. సన్నగా ఉన్నవారిలో 8-ఆక్సోడీజీ, లావుగా ఉన్నవారిలో ఐసోప్రోస్టేన్ ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, బరువును పట్టించుకోకుండా చేసిన పోలిక బరువు గురించే చెబుతుంది. చుట్ట, బీడీ, పొయ్యి పొగ, వాడుతున్న విటమిన్లు, నొప్పి మాత్రలు, నెలసరి ఎన్నో రోజు, అన్నీ అడిగి రాసుకోండి. నెలసరి చక్రంలో రక్తంలోని ఐసోప్రోస్టేన్లు ఈస్ట్రోజెన్‌తో పాటు మారతాయని బఫెలోలో జరిగిన బయోసైకిల్ అధ్యయనంలో చూశారు. అసలు ఫైబ్రోసిస్టిక్ నొప్పి కూడా ఆ చక్రాన్ని అనుసరించేదే.

ఉదయం మొదటిసారి పోసే మూత్రాన్ని తీసుకుని, వెంటనే ఐసు పెట్టెలో పెట్టండి. రొయ్యల ఐసు మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది గానీ, కరిగిన నీరు సీసా మూతల్లోకి దిగకుండా రెండో సంచి వాడండి. అదే రోజు చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒక్కో నమూనాను నాలుగైదు గొట్టాల్లో పెడితే మాటిమాటికీ కరిగించే అవసరం రాదు. కరెంటు పోతే ఫ్రీజర్ ఎంతసేపు ఆగుతుందో ముందే తెలుసుకుని, జనరేటరు ఉన్న చోటే పెట్టండి.

అన్నిటికంటే తరచుగా తప్పిపోయేది కరిగించే దశ. చల్లబడిన మూత్రంలో అడుగుకు తెల్లటి మడ్డి దిగుతుంది. 8-ఆక్సోడీజీలో కొంత ఆ మడ్డిలో చిక్కుకుంటుంది. గొట్టం కరగగానే పైతేట తీసి కొలిచేస్తే అంకె తగ్గిపోతుంది, అది కూడా ఒక్కో నమూనాలో ఒక్కోలా. 37 డిగ్రీల నీటి తొట్టెలో వెచ్చచేసి, మడ్డి పూర్తిగా కలిసేదాకా తిప్పి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి. ఐసోప్రోస్టేన్, 8-ఆక్సోడీజీ రెండింటినీ మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్న సంస్థకు పంపి కొలిపించడం మేలు. ఎలీసాయే గతి అయితే, కనీసం కొన్ని నమూనాలనైనా రెండు పద్ధతుల్లోనూ కొలిపించి తేడా చూపండి. ఎవరి నమూనా ఏ గుంపుదో కొలిచేవారికి తెలియకూడదు. ఒకే మూత్రాన్ని వేర్వేరు నంబర్లతో రెండుసార్లు మధ్యలో చొప్పిస్తే పరీక్ష ఎంత నిలకడగా ఉందో మీకే తెలుస్తుంది. ఫలితాల పట్టికలో క్రియాటినిన్‌తో భాగించిన విలువను, భాగించని విలువను రెండింటినీ ఇవ్వండి. కండ తక్కువగా ఉండే పెద్ద వయసు స్త్రీలలో క్రియాటినిన్ తగ్గి, భాగించాక అంకె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.